ఎయిర్ స్క్రూ పూర్తిగా బిగించినా ఆగని ఇంజన్: పాత మారుతి 800 మీద ఒక కేస్ స్టడీ

2022 మే నెలలో పర్లాకిమిడిలోని నా షెడ్డుకి ఒక మారుతి 800 వచ్చింది. 1997 బండి, ఓఆర్ 07 నంబరు, అంటే అప్పట్లో గంజాం జిల్లాలో రిజిస్ట్రేషన్ అయింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) మోడల్. యజమాని రిటైరైన మేష్టారు, కొన్నప్పటి నుంచీ ఆయన చేతిలోనే ఉంది. రిజిస్ట్రేషన్ మళ్ళీ ఐదేళ్ళకి పొడిగించుకోవాలి, ఆ ఏప్రిల్ 1 నుంచే పదిహేనేళ్ళు దాటిన కార్ల రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయింది, అంత డబ్బు కట్టడానికీ ఆయన సిద్ధపడ్డారు, తీరా చూస్తే పొల్యూషన్ దగ్గర బండి ఆగిపోయింది. చీటీ మీద, బండి ఆగి ఇంజన్ ఊరికే తిరిగే ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 5.8 శాతం, హైడ్రోకార్బన్లు 1,900 పీపీఎం. భారత్ స్టేజ్ 2 అనే పొగ ప్రమాణం రాకముందు తయారైన పెట్రోలు కార్లకి హద్దు 3 శాతం, 1,500 పీపీఎం. ఇది ఆ రెండూ దాటేసింది.

మేష్టారు చెప్పిన లక్షణాలు ఇవి. లీటరుకి పదకొండు కిలోమీటర్లు కూడా రావట్లేదు. ఎండలో పెట్టి వచ్చాక స్టార్ట్ అవ్వాలంటే యాక్సిలేటర్ తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. సిగ్నల్ దగ్గర బండి ఊగుతుంది. తాళం తిప్పి ఆపేశాక కూడా ఇంజన్ నాలుగైదు సార్లు టక్కుటక్కుమని కొట్టుకుని ఆగుతుంది. ఇంట్లో పార్క్ చేస్తే తెల్లారేసరికి వరండా అంతా పెట్రోలు వాసన. "బావూ, ఏటైనా చెయ్యి గానీ బండి అమ్మీమని మాత్రం చెప్పకు," అన్నారు. "చూద్దాం మేష్టారూ, రెండు రోజులు నా దగ్గర ఉంచండి," అన్నాను.

బానెట్ ఎత్తగానే కనిపించింది, కార్బొరేటర్ చుట్టూ ఉండాల్సిన సన్న పైపుల్లో సగం లేవు. ఒక నిపుల్‌లో, అంటే పైపు తొడిగే మూతిలో, చెక్కకి వాడే స్క్రూ దిగ్గొట్టి ఉంది. ఒక చోట రబ్బరు పైపు బదులు ఆసుపత్రి సెలైన్ పైపు, అది పసుపు రంగుకి తిరిగి పుల్లలా గట్టిపడింది. దాన్ని ఒక ప్లాస్టిక్ టీ జాయింటుతో మ్యానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి, పెట్రోలు పోయే గొట్టం) వాక్యూమ్ లైనుకి, అంటే ఇంజన్ పీల్పు అందే పైపుకి, కలిపారు. ఈ దృశ్యం మన వైపు కార్బొరేటర్ బండ్లలో పదింటికి ఏడింట్లో చూస్తాను. ఆ పైపులన్నీ పొగ తగ్గించడానికి పెట్టిన అదనపు సరంజామా అనీ, తీసేస్తే ఇంజన్ హాయిగా ఊపిరి పీలుస్తుందనీ చాలామంది మేస్త్రీల నమ్మకం. ఆ నమ్మకం ఈ బండిని ఎక్కడిదాకా తెచ్చిందో వివరంగా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు నేను పోగొట్టుకున్న ఒక రోజు గురించి. రిచ్ మిక్చర్, అంటే గాలిలో పెట్రోలు ఎక్కువ కలవడం, అనగానే చెయ్యి అలవాటుగా కార్బొరేటర్ మీదికే వెళ్తుంది. ప్లగ్గులు విప్పితే మూడింటికీ పొడి మసి, వేలికి కాటుకలా అంటుకుంది. ఎయిర్ ఫిల్టర్ మార్చాను. కార్బొరేటర్ దింపి లోపలి పెట్రోలు మట్టాన్ని నిలిపే ఫ్లోట్ లెవెల్ చూశాను, మట్టం చేరాక పెట్రోలు ఆపే నీడిల్ వాల్వ్ నోటితో ఊది చూశాను, పట్టు బాగానే ఉంది. జెట్లు, అంటే పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రాలు, ఎవరైనా పెద్దవి చేశారేమోనని దీపం వెలుగులో పట్టి చూశాను, చెయ్యలేదు. అంతా కడిగి కొత్త ప్యాకింగులతో బిగించి, పొల్యూషన్ సెంటర్ కుర్రాణ్ణి బతిమాలి మళ్ళీ కొలిపిస్తే 5.4. ఒక రోజు పనికి 0.4 తగ్గింది.

అప్పుడు ఎయిర్ స్క్రూ దగ్గరికి వెళ్ళాను. మనం షెడ్లలో ఎయిర్ స్క్రూ అని పిలిచే ఈ ఐడిల్ మిక్చర్ స్క్రూ నిజానికి వదిలేది ఒట్టి గాలిని కాదు. ఐడిల్ జెట్ నుంచి గాలితో కలిసి వచ్చిన పెట్రోలు థ్రాటిల్ ప్లేటు (యాక్సిలేటర్ తొక్కితే తెరుచుకునే రేకు) కింద ఉన్న సన్న రంధ్రం గుండా మ్యానిఫోల్డ్‌లోకి పోతుంది, ఆ రంధ్రాన్ని మూసి తెరిచేదే ఈ స్క్రూ. ఐడిల్‌లో ప్లేటు దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి మెయిన్ జెట్ పలకదు, ఇంజన్ బతికేదంతా ఈ దారిలో వచ్చే పెట్రోలుతోనే. అంటే స్క్రూ పూర్తిగా లోపలికి బిగిస్తే ఇంజన్ ఆగిపోవాలి. నేను బిగించాను, ఆఖరికి అది సీటుకి తగిలింది కూడా. ఇంజన్ ఆగలేదు. ఏమీ జరగనట్టు నిమిషానికి తొమ్మిది వందల చుట్ల దగ్గర తిరుగుతూనే ఉంది.

ఈ ఒక్క పరీక్ష గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దీని మీదే నిలబడింది. స్క్రూ మూసేసినా ఇంజన్ నడుస్తుందంటే దానికి పెట్రోలు ఇంకో దారిలో వస్తోంది. ఆ దారి దొరక్కుండా స్క్రూ ఎంత తిప్పినా, కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు.

మర్నాడు పొద్దున్నే ఇంజన్ వేడెక్కాక, షెడ్డు బయట, స్క్రూ మూసి ఉంచే ఒక్కో పైపునీ వేళ్ళతో నొక్కి చూడ్డం మొదలుపెట్టాను. డెల్కో (ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్) పైపు నొక్కితే తేడా లేదు. వాల్వ్ కవర్ నుంచి వచ్చే బ్రీదర్ నొక్కితే చప్పుడు కొంచెం మారింది, అంతే. సెలైన్ పైపు గట్టిపడిపోయింది కదా, వేళ్ళకి లొంగదు, ప్లయర్‌కి గుడ్డ చుట్టి నొక్కబోతుంటే నా దగ్గర పనిచేసే కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "అన్నా, ఆగు. దీన్లో ఏదో కదుల్తంది." ముఖం దగ్గరగా పెట్టి చూశాను. పసుపు పట్టిన పైపు లోపల, అడుగున, చిన్న చిన్న చుక్కలు ఒకదాని వెనక ఒకటి మ్యానిఫోల్డ్ వైపు పాకుతున్నాయి. రేస్ ఇస్తే నెమ్మదిస్తున్నాయి, ఐడిల్‌కి వదిలేస్తే జోరు అందుకుంటున్నాయి. ఆవిరి నడవాల్సిన పైపులో పచ్చి పెట్రోలు నడుస్తోంది. ప్లయర్‌తో నొక్కాను. రెండు సెకన్లు తడబడి ఇంజన్ ఆగిపోయింది.

ఇప్పుడు ఆ పైపు రెండో కొస ఎక్కడుందో చూద్దాం. అది చార్‌కోల్ క్యానిస్టర్‌ది, ఇంజన్ పక్కన ఉండే నల్ల డబ్బా. లోపల బొగ్గు గుళికలు ఉంటాయి. పెట్రోలు ట్యాంకులోంచీ, కార్బొరేటర్ బౌల్ (పెట్రోలు నిలవుండే గిన్నె) లోంచీ ఎండకి లేచే ఆవిరి ఊళ్ళోకి పోకుండా ఈ బొగ్గు పట్టి ఉంచుతుంది. బండి నడుస్తున్నప్పుడు ఇంజన్ తన వాక్యూమ్‌తో డబ్బా అడుగు నుంచి తాజా గాలి లాగుతుంది, ఆ గాలితో పాటు ఆవిరి వచ్చి సిలిండర్‌లో కాలిపోతుంది. రాత్రి దాచుకున్నది పగలు ఖర్చు పెట్టడమన్నమాట. అందుకని ఆ ఆవిరి వృథా కూడా కాదు, మీరు డబ్బిచ్చి కొన్న పెట్రోలే అది.

అయితే ఈ లాగడం ఎప్పుడు జరగాలన్నదానికి లెక్క ఉంది. కార్బొరేటర్ మీద వాక్యూమ్ నిపుల్స్ రెండు రకాలు, పైకి చూస్తే కవల పిల్లల్లా ఉంటాయి. ఒక రకానికి రంధ్రం థ్రాటిల్ ప్లేటు కింద ఉంటుంది, అక్కడ ఐడిల్‌లోనే వాక్యూమ్ చాలా ఎక్కువ. రెండో రకానికి రంధ్రం ప్లేటు అంచుకి కొంచెం పైన ఉంటుంది, ఐడిల్‌లో అక్కడ వాక్యూమ్ దాదాపు సున్నా, యాక్సిలేటర్ కొద్దిగా తొక్కి ప్లేటు అంచు ఆ రంధ్రం దాటాక మాత్రమే వాక్యూమ్ అందుతుంది. క్యానిస్టర్ పైపు వెళ్ళాల్సింది ఈ రెండో రకానికి. బండి పరిగెడుతున్నప్పుడు ఇంజన్ బోలెడంత గాలి తాగుతుంది, దాంట్లో ఈ ఆవిరి కలిసినా తేడా తెలియదు. అదే ఐడిల్‌లో ఇంజన్ తాగే గాలి చాలా తక్కువ, అందులోకి క్యానిస్టర్ మొత్తాన్ని వదిలితే ఏమవుతుందో ఆ 5.8 చెప్పింది. పైగా చాలా బండ్లలో ఉన్నట్టే ఇక్కడా ఈ దారిలో ఒక థర్మో వాల్వ్ ఉంది. కొస కూలెంట్ నీళ్ళలో మునిగి ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు దారి మూసి, వేడెక్కాక తెరుస్తుంది.

ఈ బండిలో థర్మో వాల్వ్ రెండు నిపుల్సూ ఖాళీ. ఆవిరి దారికి ఉండాల్సిన ప్లేటు పై నిపుల్‌లోనే చెక్క స్క్రూ.

వాల్వ్ విప్పి ఎదురుగా ఉన్న టీ బడ్డీకి పట్టుకెళ్ళాను. పాత డబ్బాలో మరుగుతున్న నీళ్ళు పోయించుకుని, వాల్వ్ కొస అందులో ముంచి, ఒక నిపుల్‌కి పైపు తొడిగి నోటితో పీల్చి చూశాను. చల్లగా ఉన్నప్పుడు మూసి ఉంది, అది సరే. మరిగే నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచినా మూసే ఉంది. అక్కడ నాకు మొత్తం వరస అర్థమైంది. ఎప్పుడో కొన్నేళ్ళ కిందట ఈ వాల్వ్ మూసుకుపోయి ఇరుక్కుంది. అప్పటినుంచి క్యానిస్టర్ ఆవిరి దాచుకోవడమే గానీ ఖాళీ అవ్వలేదు. నిండిపోయాక వాసన మొదలైంది. వాసన వస్తోందని తీసుకెళ్తే ఎవరో మేస్త్రి, ఆవిరి ఇంజన్‌లోకి పోవట్లేదని కరెక్టుగానే గ్రహించి, వాల్వ్ సంగతి చూడకుండా పైపు తిన్నగా మ్యానిఫోల్డ్‌కి కలిపేశాడు. ఐడిల్ రిచ్ అయింది. ఆ తర్వాత చూసినవాళ్ళు స్క్రూ బిగిస్తూ వచ్చారు. ఆ మొదటి మేస్త్రిని నేను తప్పుపట్టను, సగం దూరం సరిగ్గానే వెళ్ళాడు. కానీ మూలం అలాగే ఉండిపోయింది.

సరే, ఆవిరి పట్టాల్సిన డబ్బాలోకి పచ్చి పెట్రోలు ఎలా వచ్చింది? క్యానిస్టర్ విప్పి చేత్తో ఊపితే లోపల నీళ్ళ సీసాలా కుదిలింది. మేష్టారికి ఫోన్ చేసి అడిగాను, "పెట్రోలు ఎలా కొట్టిస్తారండీ?" ఆయన కూతురు పలాసలో ఉంటుంది. ఆంధ్రా వైపు పెట్రోలు రేటు మన ఒడిశా కంటే లీటరుకి చాలా ఎక్కువ, అందుకని బయల్దేరే ముందు పర్లాకిమిడిలోనే మెడ దాకా, బండి ఊపి మరీ నింపిస్తారట. అందరూ చేసే పనే, సరిహద్దు అవతలి పాతపట్నం వాళ్ళు కూడా ఇక్కడికొచ్చి నింపుకుని పోతారు. కానీ ట్యాంకులో పైన కొంత ఖాళీ వదలాలి, ఎండకి పెట్రోలు పొంగడానికీ ఆవిరి నిలవడానికీ. మెడ దాకా నింపేస్తే పొంగిన పెట్రోలు ఆవిరి పైపులోంచే క్యానిస్టర్‌లోకి దిగుతుంది. పచ్చి పెట్రోలులో నానిన బొగ్గు ఇక ఆవిరిని పట్టలేదు.

ఎండలో వేడి స్టార్టింగ్ కష్టం కూడా ఇక్కడిదే. ఇంజన్ ఆపాక బౌల్‌లో పెట్రోలు సెగకి కాగుతుంది, ఆ ఆవిరి బౌల్ వెంట్ పైపులోంచి క్యానిస్టర్‌కి పోవాలి. డబ్బా నిండిపోయి ఉంటే ఆవిరికి దిక్కు లేక లోపలి వెంట్ గుండా కార్బొరేటర్ గొంతులోనే చేరుతుంది, పావుగంట తర్వాత మీరు సెల్ఫ్ కొడితే ఇంజన్‌కి ముందుగా అందేది ఆ ఆవిరి ముద్ద. అందుకే యాక్సిలేటర్ పూర్తిగా తొక్కితే తప్ప అందుకోదు.

తాళం తీసినా ఇంజన్ కొట్టుకోవడం వేరే కేసు. ఐడిల్ దారిలో ఒక సోలినాయిడ్ ఉంటుంది, తాళం వెయ్యగానే కరెంటు అంది లోపలి సూదిని వెనక్కి లాగుతుంది, తాళం తియ్యగానే సూది ముందుకొచ్చి ఐడిల్ పెట్రోలు ఆపేస్తుంది. లేకపోతే స్పార్క్ లేకపోయినా సిలిండర్‌లో ఎర్రగా కాగిన మసి పెట్రోలుని అంటిస్తుంది, ఇంజన్ కొట్టుకుంటూనే ఉంటుంది. సోలినాయిడ్ విప్పి చూస్తే సూది లేదు, హాక్సా బ్లేడుతో కోసేసిన గుర్తు మాత్రం ఉంది. సోలినాయిడ్ కాలిపోతే బండి ఐడిల్‌లో నిలబడదు, అప్పుడు కొత్తది తెప్పించే ఓపిక లేక సూది కోసి అదే మళ్ళీ బిగిస్తారు. ఈ పని నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే తరవాత చూసేవాడికి బయటినుంచి అంతా సవ్యంగానే కనిపిస్తుంది, వైరు కూడా తగిలించే ఉంటుంది. అనుమానం వస్తే విప్పి, బాడీ ఎర్త్ చేసి, బ్యాటరీ కరెంటు తాకించండి. టక్‌మని సూది లోపలికి పోవాలి, వైరు తీస్తే బయటికి రావాలి.

మిగతావి త్వరగా చెప్తాను. పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపల పేరుకునే పొగని మళ్ళీ మ్యానిఫోల్డ్‌లోకి పంపేది) చేతిలో ఊపితే గలగలమనాలి, ఇది జిడ్డుకి అతుక్కుపోయింది, కడిగితే ఆడింది. డెల్కో వాక్యూమ్ డయాఫ్రమ్ బాగుంది, పైపు తొడిగి పీల్చి నాలుక అడ్డం పెడితే పట్టు నిలిచింది, కానీ ఆ పైపు కొస పగిలి గాలి తీస్తోంది. నడకలో స్పార్క్ ముందుకి జరగకపోవడానికి అదే కారణం, మైలేజీలో కొంత భాగం అక్కడా పోయింది. ఈ బండికి క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులు తగ్గించే డబ్బా) లేదు. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో అమ్మిన కొత్త కార్లకి అది వచ్చింది, లెడ్ లేని పెట్రోలు కూడా అప్పుడే అక్కడ మొదలైంది, మన వైపు 1997లో అమ్మిన ఈ బండికి రాలేదు. ఒకవేళ ఉండుంటే ఇన్నేళ్ళ రిచ్ మిక్చర్‌కి అది ఎప్పుడో కాలి పాడయ్యేది.

సామాన్ల కోసం కొంచెం తిరగాల్సి వచ్చింది. సోలినాయిడ్ శ్రీకాకుళంలో దొరికింది. థర్మో వాల్వ్, క్యానిస్టర్ విశాఖలో పాత బండ్లు విప్పే చోట ఒకే బండి మీంచి తెచ్చాను, రెండూ టీ బడ్డీ పరీక్ష, ఊపు పరీక్ష పాసయ్యాకే డబ్బిచ్చాను. నానిన క్యానిస్టర్‌ని ఆరబెట్టి వాడొచ్చు అంటారు, కొద్దిగా తడిస్తే నిజమే, కానీ కుదిలేంత పెట్రోలు తాగిన దాన్ని నేను నమ్మను. దాన్ని షెడ్డులో ఆరబెట్టడమంటే పెట్రోలు ఆవిరి మధ్యలో కూర్చోవడమే, ఎవడో బీడీ వెలిగిస్తే చాలు. పైపులన్నీ పెట్రోలుకి తట్టుకునే రబ్బరువే వేశాను. పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు, ఆ ఏడాది జూన్ నాటికే దేశంలో అది పది శాతానికి చేరింది, మామూలు రబ్బరు దానికి ఉబ్బి మెత్తబడిపోతుంది.

ఏ పైపు ఎక్కడికి అన్నది ఎలా తెలిసిందంటే, బానెట్ కింద స్టిక్కరు ఎప్పుడో వెలిసిపోయింది. ఊళ్ళో ఎవరూ చెయ్యి పెట్టని అదే ఏడాది మోడల్ ఒకటి ఉంది, వాళ్ళని అడిగి ఒక సాయంత్రం దాని ముందు కూర్చుని అట్టముక్క మీద బొమ్మ గీసుకున్నాను. అనుమానం ఉన్న నిపుల్ దగ్గర వాక్యూమ్ గేజ్ పెట్టాను. ఐడిల్‌లో ముల్లు లేస్తే అది ప్లేటు కింది నిపుల్, కొద్దిగా రేస్ ఇచ్చాకే లేస్తే ప్లేటు పైది. గేజ్ లేకపోతే వేలు పెట్టినా తెలుస్తుంది, ఐడిల్‌లో వేలిని లాగేది ఏదో, రేస్ ఇచ్చేదాకా ఊరుకునేది ఏదో.

చెక్క స్క్రూ పీకి, నిపుల్ శుభ్రం చేసి, పైపులు అట్టముక్క ప్రకారం తొడిగి, ఎయిర్ స్క్రూని సీటు నుంచి రెండున్నర చుట్లు తెరిచి స్టార్ట్ చేశాను. ఈసారి స్క్రూ మాట విన్నది. లోపలికి తిప్పితే ఇంజన్ తడబడి ఆగబోయింది, బయటికి తిప్పితే బరువెక్కింది, మధ్యలో ఎక్కడ తేలిగ్గా, సమంగా తిరిగిందో అక్కడ వదిలేశాను. పనికి ముందు పద్నాలుగు అంగుళాల (పాదరసం లెక్కలో) దగ్గర వణికిన వాక్యూమ్ గేజ్ ముల్లు పదిహేడు దగ్గర కదలకుండా నిలబడింది. తాళం తిప్పితే ఇంజన్ టక్కున ఆగింది.

పొల్యూషన్ సెంటర్‌లో కార్బన్ మోనాక్సైడ్ 1.6 శాతం, హైడ్రోకార్బన్లు 420 పీపీఎం. మేష్టారు చీటీని రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నారు. సామాన్లూ, విశాఖ ప్రయాణం కలిపి 3,400 అయింది. మొదటి రోజు కార్బొరేటర్ కడిగినందుకు నేను డబ్బు తీసుకోలేదు, ఆ పని ఆ బండికి అవసరం లేదు కాబట్టి.

బండి ఇచ్చేటప్పుడు ఆయనకి ఒకటే చెప్పాను, బంకులో గన్ మొదటిసారి టక్‌మని ఆగితే అక్కడితో చాలనండి అని. పలాస వెళ్ళొచ్చాక లెక్క చూసుకుని ఫోన్ చేశారు, లీటరుకి పదిహేడు.

ఈ వయసు బండికి పొల్యూషన్ చీటీ ఆర్నెల్లే. నవంబరులో మళ్ళీ వచ్చారు, 1.8 ఉంది. చీటీ తీసుకున్నాక బానెట్ ఎత్తించి క్యానిస్టర్ పైపు పీకి, కొసలో తెల్ల గుడ్డ దూర్చి తీసి చూశాను. గుడ్డ పొడిగా ఉంది.